ఎర్ర సున్నలో చిక్కుకున్న ‘అవోకెన్’

ఈసారి ఉత్తరం రాసినవారు ఉన్నత పాఠశాలలో 22 ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్న ఉపాధ్యాయురాలు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం ఆరు పేజీలుంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

వాళ్ల బడిలో జరిగిన వ్యాసరచన పోటీకి ఆమే న్యాయనిర్ణేత. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాన కురిసిన రాత్రి గురించి రాస్తూ, మొదటి పేరాలోనే ‘ఐ వాజ్ అవోకెన్ బై ద రెయిన్ ఆన్ ద రూఫ్, అండ్ ఐ వోక్ మై బ్రదర్’ అన్నది. టీచరు గారు ‘అవోకెన్’ చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి, పైన ‘అవేకెండ్’ అని దిద్ది, అర మార్కు తీసేశారు. సరిగ్గా ఆ అర మార్కు తేడాతోనే అమ్మాయికి రెండో స్థానం వచ్చింది. ఫలితాలు చెప్పిన మర్నాడు విరామ సమయంలో ఆ పిల్ల ఒక నిఘంటువు పట్టుకొచ్చి, చీటీ పెట్టుకున్న పేజీ తెరిచి, ఏమీ అనకుండా ఆమె బల్ల మీద పెట్టింది. చుట్టూ నలుగురైదుగురు పిల్లలున్నారు, పక్క బల్ల దగ్గర మరో ఉపాధ్యాయుడున్నారు. ఆమె పేజీ వైపు సరిగా చూడకుండానే “నిఘంటువులో సవాలక్ష ఉంటాయి, అన్నీ రాసేస్తామా?” అన్నారు. ఆ పిల్ల “సరే మేడమ్” అని పుస్తకం మూసి తీసుకుపోయింది. అప్పటినుంచి తరగతిలో చెయ్యి ఎత్తడం మానేసింది.

ఆ రాత్రే టీచరు గారు ఇంట్లో ఉన్న మూడు నిఘంటువులూ తిరగేశారు. మూడింటిలోనూ ‘అవోకెన్’ ఉంది. ఇన్నాళ్లూ ఆమె నమ్మిన నియమం ఏమిటంటే, మనిషి తానుగా మేలుకుంటే ‘అవోక్’ రాయాలి, మరొకరో మరొకటో లేపితే, ముఖ్యంగా కర్మణి వాక్యంలో, ‘అవేకెండ్’ మాత్రమే రాయాలి. అది ఆమె గురువుగారు చేతిరాతతో ఇచ్చిన నోట్సులోది. ఆయన ఇప్పుడు లేరు. ఆ నోట్సుకు అట్ట వేసి ఇప్పటికీ దాచుకున్నారట. “తప్పు ఒప్పుకుంటే ఆయన్ని తప్పుపట్టినట్టవుతుంది. ఒప్పుకోకపోతే ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నాను. ఇన్నేళ్లలో ఇలాంటి సున్నలు ఎన్ని చుట్టానో తలుచుకుంటే గుండె గుభేలుమంటోంది” అని రాశారు. అసలు ఏది ఒప్పు, ఒక్క పనికి ఇన్ని రూపాలెందుకు, ఇప్పుడు తాను ఏం చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు. చివర్లో కొసరుగా ఇంకొకటి కూడా అడిగారు: పది రోజులుగా రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోందట, ఆ సంగతిని ఇంగ్లీషులో ఎలా రాయాలో కూడా ఇప్పుడు అనుమానంగానే ఉందట.

టీచరు గారూ,

నాన్చకుండా తీర్పు ముందే చెప్పేస్తాను. ఆ అమ్మాయి వాక్యంలో తప్పు లేదు. ‘వాజ్ అవోకెన్’ ఒప్పే, ‘వోక్ మై బ్రదర్’ కూడా ఒప్పే. మీరు పైన దిద్దిన ‘అవేకెండ్’ కూడా ఒప్పే. ఒక ఒప్పును కొట్టేసి దాని పైన మరో ఒప్పు రాశారు, జరిగింది అంతే. కానీ అర మార్కు పోయింది, ఆ పిల్ల చెయ్యి కిందికి దిగింది కాబట్టి ‘అంతే’ అని ఊరుకోలేం. ఏం చేయవచ్చో ఆలోచించే ముందు ఈ క్రియ పుట్టుపూర్వోత్తరాలు కాస్త ఓపిగ్గా చూద్దాం. ఎందుకంటే మీ మనసును తొలిచేస్తున్న సిగ్గులో సగానికి పైగా ఆ చరిత్ర తెలియకపోవడం వల్ల వచ్చినదే. అది తెలిస్తే మీ గురువుగారి మీద మీకున్న గౌరవానికి భంగం కలగకుండానే బయటపడవచ్చు.

నిద్రకు సంబంధించి మనిషి చేసే పనులు మూడున్నాయి. మెలకువలోకి రావడం ఒకటి, ఇంకొకరిని మెలకువలోకి తేవడం రెండు, నిద్రపోకుండా మెలకువగా ఉండడం మూడు. తెలుగులో మనం వీటిని ఎప్పుడూ కలగలపం. మేలుకోవడం వేరు, మేలుకొలపడం వేరు, మేలుకొని ఉండడం వేరు. ‘నేను తమ్ముణ్ణి లేచాను’ అని ఏ చిన్నపిల్లా అనదు, ‘లేపాను’ అనే అంటుంది. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో కూడా పరిస్థితి దాదాపు ఇలాగే ఉండేది. మేలుకోవడానికి ‘వాకన్’, మెలకువగా ఉండి కాపు కాయడానికి ‘వాకియన్’, ఇంకొకరిని లేపడానికి ‘వెచ్చన్’ అని మూడు క్రియలుండేవి. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మన్ ఈ ఏర్పాటును నేటికీ చెక్కుచెదరకుండా కాపాడుకుంది: వాళ్లు మేలుకుంటే ‘ఔఫ్‌వాఖెన్’, ఇంకొకరిని లేపితే ‘వెకెన్’, మేలుకొని ఉంటే ‘వాఖెన్’ అంటారు.

ఇంగ్లీషు మాత్రం ఈ ఏర్పాటును పోగొట్టుకుంది. ఇంకొకరిని లేపడానికి ప్రత్యేకంగా ఉన్న ‘వెచ్చన్’ కాలక్రమంలో వాడుకలోంచి జారిపోయింది. ‘వాకన్’, ‘వాకియన్’ రెండూ పదాంతాలు అరిగిపోయి, ఒకేలా వినబడుతూ ‘వేక్’ అనే ఒక్క క్రియగా కలిసిపోయాయి. అలా మూడు పనుల బరువూ ఒక్క మాట నెత్తిన పడింది. అందుకే ఆ అమ్మాయి వాక్యంలో వాన ఆమెను లేపినా, ఆమె తమ్ముణ్ణి లేపినా, ఇంకో వాక్యంలో ఎవరూ లేపకుండా తానే లేచినా, అన్నిటికీ అదే క్రియ సరిపోతుంది.

ఇక భూతకాల రూపాల గొడవ కూడా ఈ కలయికలోంచే పుట్టింది. ఇంగ్లీషు క్రియలు గడిచిన కాలాన్ని రెండు పద్ధతుల్లో చెబుతాయని మీకు నేను చెప్పనక్కర్లేదు: మధ్యలో అచ్చు మార్చుకునేవి కొన్ని, చివర ‘డ్’ తగిలించుకునేవి కొన్ని. ‘వాకన్’ మొదటి రకం, ‘వాకియన్’ రెండో రకం. రెండూ కలిసి ఒకే ‘వేక్’ అయినప్పుడు దానికి ఇద్దరి ఆస్తీ సంక్రమించింది. ఒక వైపునుంచి ‘వోక్’, ఇంకో వైపునుంచి ‘వేక్డ్’. నిజానికి ‘వాకన్’ కూడా ‘షేక్’ క్రియ ఉన్న వరసలోదే కాబట్టి, ‘షేక్‌’కు ‘షుక్’ వచ్చినట్టు ‘వేక్‌’కు ‘వుక్’ అనే రూపం రావలసింది. అది నిలవలేదు. ‘స్పీక్, స్పోక్, స్పోకెన్’, ‘బ్రేక్, బ్రోక్, బ్రోకెన్’ అనే గుంపు పక్కనే ఉండి లాగడంతో ‘వోక్, వోకెన్’ స్థిరపడ్డాయని పండితులు భావిస్తారు. అంటే మీరు సున్న చుట్టిన రూపం ‘బ్రోకెన్’ పోలికలో కుదురుకున్నదే. పిల్లలకు ఈ పోలిక చూపిస్తే ఇక మరిచిపోరు.

రూపాలు ఎంతగా ఊగిసలాడాయో తెలియాలంటే 1611 నాటి ఇంగ్లీషు బైబిలు చూడండి. ఆదికాండం 28వ అధ్యాయం 16వ వచనంలో యాకోబు నిద్ర మేలుకున్న చోట ‘అవోక్’ లేదు, ‘అవేక్డ్’ ఉంది. ఇవాళ ఏ పిల్లవాడైనా ‘అవేక్డ్’ అని రాస్తే మనలో చాలామందికి చెయ్యి ఎర్ర పెన్ను వైపు పోతుంది. నాలుగు వందల ఏళ్ల కిందట అది గంభీరమైన రాతభాష. ఇప్పటికీ కొన్ని అమెరికా నిఘంటువులు దాన్ని ఒక రూపాంతరంగా చూపిస్తూనే ఉన్నాయి.

‘అవేక్’, ‘అవేకెన్’ ఎక్కడివంటారా? పాత ఇంగ్లీషులో క్రియకు ముందు ‘ఆన్’ అనే ఉపసర్గ చేరేది. అది నాలుక మీద అరిగి ‘అ’ అయింది, అలా ‘అవేక్’ వచ్చింది. ‘వేకెన్’ మాత్రం వేరే దారిలో వచ్చింది. ‘వాక్నన్’ అనే మరో పాత క్రియకు అది వారసురాలు. దానికీ అదే ఉపసర్గ చేరి ‘అవేకెన్’ అయింది. మొత్తం నాలుగు క్రియలు: వేక్, వేకెన్, అవేక్, అవేకెన్. నాలుగూ ఒకే ఇంటివి, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కునే రకం. ‘అవేక్’ అనే విశేషణం కూడా, ఆ క్రియకు ఒకప్పుడు మూడో రూపంగా ఉన్న ‘అవేకెన్’ తోక తెగి మిగిలినదే.

ఇక్కడ మీ గురువుగారి నియమం సంగతికి వస్తాను, ఎందుకంటే ఇందులో ఒక తమాషా ఉంది. ‘వాక్నన్’ మధ్యలో ఉన్న ఆ ‘న’కారం పాత జర్మానిక్ భాషల్లో, అంటే ఇంగ్లీషు, జర్మన్‌ల కుటుంబపు పాత భాషల్లో, ‘ఆ స్థితిలోకి రావడం’ అనే అర్థాన్ని ఇచ్చే ప్రత్యయం. అంటే ‘వేకెన్’ పుట్టుకతో ‘తానుగా మేలుకోవడం’ మాత్రమే, ఇంకొకరిని లేపడం దాని పని కాదు. మీ నియమం దానికి సరిగ్గా ఎదురు చెబుతోంది: ఎవరో లేపితేనే ‘అవేకెన్’ అంటోంది. మూలాన్ని బట్టి తీర్పు చెప్పాలంటే ముందుగా కొట్టేయవలసింది మీరు దిద్దిన రూపాన్నే! అలా కొట్టేయమని నేననను. మాటలు పుట్టినచోటనే ఉండిపోవు. కొన్ని వందల ఏళ్లుగా ‘అవేకెన్’ ఇంకొకరిని లేపే పనీ చేస్తోంది, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు.

అలాగని మీ గురువుగారు ఆ నియమాన్ని గాల్లోంచి సృష్టించలేదు. ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ వాడాలో చెప్పే పేరున్న పుస్తకం, 1926లో వెలువడిన ఫౌలర్ వాడుక నిఘంటువు, ఈ నాలుగు క్రియల గురించి మాట్లాడుతూ, రోజువారీ పనులకు ‘వేక్’ను వాడతారని, ఆలంకారికమైన అర్థాల్లో ‘అవేక్’, ‘అవేకెన్’ల వైపు మొగ్గుతారని, ‘వేకెన్’, ‘అవేకెన్’లు ఇంకొకరిని లేపే అర్థానికి పరిమితమయ్యే ధోరణి కనబడుతోందని గమనించింది. కర్మణిలో కూడా ఈ రెండింటినే తరచూ ఎంచుకుంటారని చెబుతూ, దానికి ఒక కారణం కూడా ఊహించింది: ‘వేక్’, ‘అవేక్’ల మూడో రూపం ఏమిటో రాసేవారికి గట్టిగా తెలియకపోవడం. టీచరు గారూ, ఈ మాట మీరు రెండుసార్లు చదవాలి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లే ‘అవోకెన్’ దగ్గర తటపటాయించి ‘అవేకెండ్’ అనే సురక్షితమైన చోటికి తప్పుకున్నారన్నమాట. మీ గురువుగారు ఆ మొగ్గును, పిల్లలు తడబడకుండా ఉండాలని, సూటిగా ఒక నియమంగా మార్చి చేతికిచ్చారు. ఆ నియమాన్ని పాటించి రాసినవారెవరూ ఇంతవరకు ఒక్క తప్పు వాక్యం కూడా రాసి ఉండరు. ఆ రకంగా చూస్తే అది మంచి ఊతకర్ర. నడవడానికి ఇచ్చిన ఆ కర్రతో పక్కవాళ్ల నడకను కొలవడం దగ్గరే చిక్కు వచ్చింది. ఆ కొలత మీరు వేసిందే గాని ఆయన నోట్సులో ఉండి ఉండదని నా అనుమానం. ఒకసారి తెరిచి చూడండి. ‘అవేకెండ్ వాడుట మంచిది’ అని ఉందా, ‘అవోకెన్ తప్పు’ అని ఉందా? ఏది ఉన్నా ఆయన గౌరవానికి వచ్చే లోటేమీ లేదు. కానీ మొదటిదే ఉంటే మీకు కాస్త ఊరట.

(నా సంగతి దాచడమెందుకు? చాలా కాలం నేను ‘వోకెన్’ రాయవలసి వచ్చినప్పుడల్లా వాక్యాన్ని తిప్పి ‘గాట్ అప్’తో సరిపెట్టుకునేవాణ్ణి. లేవడం, మేలుకోవడం ఒకటి కాదని తెలిసీ!)

అయితే ఈ రూపాలన్నీ ఒకటేనా, ఎక్కడైనా ఏదైనా రాయవచ్చా అంటే, అదీ కాదు. వ్యాకరణం అనుమతించినా చెవి కొన్నిచోట్ల ఒప్పుకోదు. ‘అప్’ అనే మాట ‘వేక్’ పక్కన హాయిగా కూర్చుంటుంది, ‘అవేక్’ పక్కన కూర్చోదు. ‘అవోక్ అప్’ రాసిన పిల్లలను మీరు దిద్దితే ఆ దిద్దుబాటు న్యాయమే. మనిషిని నిద్రలేపడానికి ‘వేక్’ సాదాసీదాగా ఉంటుంది, ‘అవేక్’లో కొంచెం కథల వాసన వస్తుంది. ఆశ, అనుమానం, ఆసక్తి, జ్ఞానం లాంటివి మేలుకుంటే ‘అవేకెన్’ బాగా నప్పుతుంది. బుద్ధ శబ్దానికి సంస్కృతంలో ‘మేలుకున్నవాడు’ అనే అర్థం. దాన్ని ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చినప్పుడు ఎక్కువగా ‘అవేకెండ్’ అనే అంటారు, ‘వోకెన్’ అంటే ఎవరో తలుపు తట్టి లేపినట్టుంటుంది. ఆ అమ్మాయి వాక్యంలో ఉన్నది ఇంటి కప్పు మీద వాన చప్పుడు. అక్కడ నేనైతే ‘వోకెన్’ రాసి ఉండేవాణ్ణి, కానీ అది నా అభిరుచి. అభిరుచికి మార్జిన్లో పెన్సిల్‌తో చిన్న సూచన రాయవచ్చు, మార్కు తీయకూడదు.

పాతకాలపు మూడో పని, అంటే మేలుకొని ఉండడం, పూర్తిగా పోయిందనుకోకండి. మరణించినవారి దగ్గర రాత్రంతా మేలుకొని కూర్చోవడాన్ని ‘వేక్’ అంటారు. ఉత్తర ఇంగ్లండులో చర్చి పండుగకు ముందు రాత్రి చేసే జాగరణ ‘వేక్’ అయి, తర్వాత అదే తిరునాళ్లయి, చివరికి లాంకషైర్ నూలు మిల్లుల ఊళ్లలో ‘వేక్స్ వీక్’ అనే వారం రోజుల సెలవుగా మారింది. ‘వాచ్’ అన్న మాట కూడా ఈ ఇంటిదే: మేలుకొని ఉండేవాడే కాపలా కాయగలడు. లాటిన్ నుంచి ఇంగ్లీషుకు వచ్చిన ‘విజిల్’ (జాగరణ; ఈల కాదు), ‘విజిలెంట్’ (అప్రమత్తమైన) అనే మాటల మూలాల్లోకి వెళితే ఇదే వేరు దగ్గర కలుస్తాయి. బలం, చురుకు అనే అర్థాలున్న ఈ ఇండో-యూరోపియన్ (ఇంగ్లీషు, లాటిన్, సంస్కృతాల ఉమ్మడి మూలభాష) వేరునుంచే సంస్కృతంలో ‘వాజ’, ‘వజ్ర’ శబ్దాలు వచ్చాయని చాలామంది భాషాశాస్త్రజ్ఞులు అంటారు. మనం రోజూ అనే ‘జాగ్రత్త’ మాత్రం వేరే వేరునుంచి వచ్చింది. అది మెలకువగా ఉన్న అని అర్థమిచ్చే ‘జాగ్రత్’ సంబంధి, గ్రీకులో దాని చుట్టం నుంచే ‘గ్రెగరీ’ అనే పేరు పుట్టింది. వేర్లు వేరైనా ఆలోచన ఒక్కటే: మేలుకొని ఉండడం కాపలాగా, కాపలా జాగ్రత్తగా మారడం అక్కడా ఇక్కడా ఒకేలా జరిగింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే గంట ఎలా గడిచిందో తెలియదు. ఓడ వెనక నీళ్లలో ఏర్పడే చారను కూడా ‘వేక్’ అంటారు గానీ, అది స్కాండినేవియా నుంచి వచ్చిన వేరే మాట. పిల్లలు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను.

ఇంకొకటి కూడా అడుగుతారు, ఈ రోజుల్లో తప్పకుండా అడుగుతారు: ‘వోక్’ అంటే తిట్టా, పొగడ్తా అని. అమెరికాలోని నల్లజాతి ప్రజల మాటలో ‘అవేక్’కు బదులుగా ‘వోక్’ విశేషణంగా చాలాకాలంగా ఉంది. అన్యాయం పట్ల కళ్లు తెరుచుకుని ఉండమని ఒకరికొకరు చెప్పుకోవడానికి దాన్ని వాడేవారు. 1962లో ఒక అమెరికన్ పత్రికా వ్యాసం శీర్షికలోకి ఎక్కింది, 2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దానికి ఆ అర్థంలో చోటిచ్చింది. తర్వాత రాజకీయ వాదనల్లో దాన్ని వెక్కిరింతగా వాడేవారు పెరిగారు. ఇంతవరకు చెప్పి వ్యాకరణంలోకి వచ్చేయండి. అయినా భూతకాల రూపం ఒకటి విశేషణమై కూర్చోవడం ఈ ఇంట్లో కొత్తేమీ కాదని మీకు ఇప్పుడు తెలుసు.

సరే, ఇప్పుడు ఏం చేయాలన్నదానికి వద్దాం.

మీరు ఏమీ చేయకుండా ఉండవచ్చు. ఇది కూడా ఒక దారే, కాబట్టి చులకన చేయను. ఇకమీద ‘అవోకెన్’కు సున్న చుట్టడం మానేస్తే కొత్తగా ఎవరికీ నష్టం జరగదు, మీ పరువుకూ ఏమీ కాదు. కానీ నిఘంటువు పేజీ చూసిన పిల్లలు నలుగురైదుగురున్నారు. మీరు మౌనంగా ఉంటే వాళ్లు రెండిట్లో ఒకటి నేర్చుకుంటారు. మేడమ్‌కు తెలియదనైనా అనుకుంటారు, తెలిసినా ఒప్పుకోరనైనా అనుకుంటారు. మొదటిది ఏ ఉపాధ్యాయుడికైనా తప్పదు, రెండోది మాత్రం ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. పైగా మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీ నిద్రకు ఈ దారి పనికిరాదు.

రెండోది, ఆ అమ్మాయిని ఒంటరిగా పిలిచి మాట్లాడడం. ఇందులో మీరు ఏం చెబుతారన్నది ముఖ్యం. “నిఘంటువు చూశాను, నీ వాక్యం సరైనదే, నేను తొందరపడ్డాను” అంటే చాలు. చరిత్ర పాఠం అప్పుడు వద్దు, అది సమర్థనలా వినబడుతుంది. నా ఉద్దేశంలో ఆ పిల్ల మౌనం అర మార్కు గురించి కాదు. అనుమానం వస్తే నిఘంటువు చూడమని బహుశా మీరే ఏడాది పొడుగునా చెప్పి ఉంటారు. ఆమె చూసింది, చీటీ పెట్టుకుని మరీ తెచ్చింది. నిఘంటువులో ఉన్నది చెల్లదని మీ నోటితో వినవలసి వచ్చింది. ఎర్ర సున్న పొరపాటు, ఆ మాట మాత్రం పొరపాటు కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి క్షమాపణ చెప్పదలిస్తే ఆ మాటకే చెప్పండి. ఈ దారిలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, మీరు అందరి ముందూ అన్న మాటను ఒంటరిగా వెనక్కి తీసుకుంటున్నారు. ఆ నలుగురైదుగురికీ అది తెలియదు, చెప్పుకునే భారం ఆ పిల్ల మీద పడుతుంది, ఆమె చెప్పుకోకపోవచ్చు కూడా.

దీనికి బహుమతి సంగతి కూడా ముడిపడి ఉంది. అర మార్కు తిరిగి కలిపితే ఆమె మొదటి స్థానం వచ్చిన విద్యార్థితో సమానమవుతుంది. అంటే ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోనక్కర్లేదు, ఇద్దరిదీ మొదటి స్థానమే అని ప్రకటిస్తే సరిపోతుంది. దానికి ప్రధానోపాధ్యాయుల అనుమతి కావాలి, అంటే ఇంకో మనిషికి మీ పొరపాటు తెలియాలి. ఆయన లేక ఆమె ‘ఫలితాలు ఇచ్చేశాం, ఇప్పుడెందుకు’ అనవచ్చు. అలా అన్నా, మీరు అడిగారన్న సంగతి ఆ అమ్మాయికి చెప్పండి, మార్కు మాత్రం కాగితం మీద దిద్దండి. మొదటి స్థానం వచ్చిన పిల్లకు గానీ పిల్లవాడికి గానీ మీరే ముందుగా చెప్పడం కూడా మరవకండి. పక్కవాళ్ల నోట విన్నప్పుడు ‘సమానం’ అన్న మాట కూడా ‘తగ్గించారు’ అన్నట్టు వినబడుతుంది.

మూడోది, తరగతిలో అందరికీ చెప్పడం. నల్లబల్ల మీద ఆ నాలుగు క్రియలూ వరసగా రాసి, వాటి రూపాలు పిల్లల చేతనే నిఘంటువులో వెతికించి, మీరు ఎక్కడ పొరబడ్డారో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోవడం. మీలాంటి అనుభవజ్ఞురాలి చేతిలో ఇది గొప్ప పాఠం కాగలదు. కానీ రెండు ప్రమాదాలున్నాయి. ఆ అమ్మాయిని అడగకుండా ఆమె పేరెత్తితే అందరి కళ్లూ ఆమె మీద పడతాయి, గెలిచినదానిలా నిలబడడం కొందరు పిల్లలకు ఓడినదానికంటే కష్టం. ఆమె ఒప్పుకుంటేనే పేరు చెప్పండి, లేకపోతే ‘ఒక వ్యాసంలో’ అంటే చాలు. ఇక రెండోది, మర్నాటినుంచి ప్రతి ఎర్ర గీతకూ ఎవరో ఒకరు లేచి “మేడమ్, ఇది కూడా ఒప్పేనేమో” అంటారు. కొన్నాళ్లు విసుగొస్తుంది. వచ్చినవాళ్లను నిఘంటువు పేజీ, తన వాక్యం రెండూ పక్కపక్కన పెట్టుకుని రమ్మనండి. ఊరికే వాదించడానికి వచ్చేవాళ్లు ఆ పనికి బద్ధకించి మానేస్తారు, నిజంగా అనుమానం ఉన్నవాళ్లు వస్తారు. వాళ్లు రావాలనే కదా మనం కోరుకునేది.

నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది: ముందు రెండోది, ఆ పిల్ల ఏమంటుందో విన్నాక మూడోది చేయాలా వద్దా అన్నది. కానీ ఆ తరగతి గదిలో నేను లేను. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆ సహోద్యోగి ఎలాంటివారో, ఆ పిల్ల ఎంత సున్నితమో మీకు తెలిసినంత నాకు తెలియదు. ముందు తరగతిలో చెప్పి, తర్వాత ఆమెను పిలవడమే మేలని మీకు అనిపిస్తే దానికీ కారణాలుంటాయి. ఒక్కటి మాత్రం చెప్పగలను: ఆలస్యమయ్యేకొద్దీ ఏ దారైనా బరువెక్కుతుంది. ఇవాళ ఒక నిమిషంలో చెప్పగలిగిన మాటకు వచ్చే నెల ఉపోద్ఘాతం కావాలి.

గడిచిన 22 ఏళ్లలో చుట్టిన సున్నల లెక్క తీయకండి. వాటిని ఇప్పుడు చెరపలేం. ‘అవోకెన్’ అనే మాట పిల్లల వ్యాసాల్లో ఏమంత తరచుగా వస్తుంది కనుక? మీరు దిద్దిన పిల్లలందరూ ‘అవేకెండ్’ రాస్తూ తిరుగుతున్నా వాళ్ల ఇంగ్లీషు ఒప్పే. ఆ మాటకొస్తే మీ గురువుగారి నోట్సులో ఆ పేజీ మార్జిన్లో ‘అవోకెన్ కూడా సరైనదే’ అని చిన్నగా, తారీఖు వేసి రాసుకోండి. నోట్సు అన్నది అందుకే కదా.

ఇక మీ కొసరు ప్రశ్న. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోందనడానికి ‘ఐ కీప్ వేకింగ్ అప్ అట్ త్రీ’ అనండి. ‘అప్’ తీసేసినా నష్టం లేదు. ఇక్కడి ‘వేకింగ్’ మేలుకోవడం, పాత ‘వాకన్’ చేసిన పని. ఆ తర్వాత తెల్లారేదాకా కళ్లు తెరుచుకుని పడుకుంటున్నారు చూడండి, దానికి ‘ఐ లై అవేక్’ అని రాయాలి, అది ‘వాకియన్’ పని. సోమవారం ఆ అమ్మాయితో మాట్లాడాక ఈ రెండో వాక్యం అవసరం ఉందో లేదో నాకు ఒక కార్డు ముక్క రాయండి.